లోహక్షయం: ఏ లోహం ఎందుకు నిలుస్తుంది, ఎక్కడ ఓడిపోతుంది

బంగారం, ప్లాటినం వంటి కొద్దిపాటి లోహాలను మినహాయిస్తే, నిత్యజీవితంలో వాడుకునే లోహాలలో అధికభాగం భూమిలో లోహరూపంలో దొరకవు. ఇనుము హెమటైట్, మాగ్నటైట్ అనే ఆక్సైడులుగానూ, అల్యూమినియం బాక్సైట్‌గానూ, రాగి, జింకు, సీసం ఎక్కువగా గంధకంతో కలిసిన ఖనిజాలుగానూ లభిస్తాయి. కొలిమిలో బొగ్గు మండించో, విద్యుత్తును ధారపోసో ఆ బంధాన్ని తెంచితేనే లోహం చేతికి వస్తుంది. తెంచడానికి ఎంత శక్తి ఖర్చయిందో, తిరిగి కలిసిపోవడానికి ఆ లోహానికి అంత మొగ్గు ఉంటుంది. గాలి, నీరు, లవణాలు, ఆమ్లాల తాకిడికి లోహం పైనుంచి మొదలై మళ్లీ సమ్మేళనంగా మారిపోయే ఈ ప్రక్రియనే లోహక్షయం అంటారు. ఇనుముకు పట్టే తుప్పు, రాగికీ ఇత్తడికీ పట్టే చిలుము, వెండి మీద కమ్ముకునే నలుపు అన్నీ దాని రూపాలే. అయితే అల్యూమినియంను ఖనిజం నుంచి విడదీయడానికి ఇనుముకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి కావాలి కనుక, ఈ లెక్కన అల్యూమినియమే ముందుగా నశించాలి. కానీ అల్యూమినియం కిటికీ చట్రం దశాబ్దాల తరబడి చెక్కుచెదరకుండా ఉంటే, దాని పక్కనే ఉన్న ఇనుప ఊచ పొరలు పొరలుగా రాలిపోతుంది. లోహక్షయ శాస్త్రమంతా ఒక విధంగా ఈ వైరుధ్యాన్ని విప్పి చెప్పే ప్రయత్నమే.

తుప్పు పట్టడమంటే ఇనుము గాలిలో నెమ్మదిగా కాలిపోవడం అనే భావన చాలామందిలో ఉంది గానీ, మామూలు వాతావరణంలో జరిగేది అది కాదు. అది ఒక చిన్న బ్యాటరీ పని. లోహపు ముక్క మీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను విడిచిపెట్టి అయాన్లుగా నీటిలోకి దిగిపోతాయి, ఆ చోటును ఆనోడ్ అంటారు. విడుదలైన ఎలక్ట్రాన్లు లోహం గుండా మరోచోటికి ప్రవహించి, అక్కడ నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను హైడ్రాక్సైడ్ అయాన్లుగా మారుస్తాయి, ఆ చోటు కాథోడ్. రెండింటి మధ్య వలయాన్ని పూర్తిచేసేది లోహాన్ని తడిపిన నీటిపొర. అందులో ఉప్పు కలిస్తే విద్యుత్తు మరింత సులువుగా ప్రవహిస్తుంది కనుక క్షయమూ వేగవంతమవుతుంది. కేంబ్రిడ్జి శాస్త్రవేత్త యులిక్ ఎవాన్స్ 1920లలో దీన్ని ఒకే ఒక్క ఉప్పునీటి బొట్టుతో నిరూపించారు. నునుపు చేసిన ఇనుప రేకు మీద వేసిన ఆ బొట్టులో ఫినాఫ్తలీన్, పొటాషియం ఫెర్రీసయనైడ్ కలిపితే, కాసేపటికి బొట్టు నడుమ నీలం రంగు, అంచు చుట్టూ గులాబీ రంగు తేలతాయి. నీలం ఇనుము కరుగుతున్న చోటును, గులాబీ హైడ్రాక్సైడ్ పుడుతున్న చోటును చూపుతాయి. ఆ రెండూ కలుసుకునే నడిమి మేరలో గోధుమరంగు తుప్పు వలయంలా పేరుకుంటుంది.

ఈ బొట్టులో గమనించవలసిన విశేషం ఒకటుంది. గాలి ధారాళంగా అందే అంచు క్షేమంగా ఉండి, ఆక్సిజన్ అంతగా చేరని నడుమ భాగమే కరిగిపోతుంది, అంటే ఆక్సిజన్ కొరత ఉన్న చోటే లోహం తినివేయబడుతుంది. స్తంభం నేలలో దిగిన చోట, రేకుల అతుకుల సందుల్లో, బోల్టు తల కింద, పేరుకున్న బురద చాటున ఇనుము ముందుగా ఎందుకు పాడవుతుందో దీనితో అర్థమవుతుంది. నీటిపొర అంటే కంటికి కనిపించే తడే కానక్కరలేదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఇనుము మీద క్షయం ఒక్కసారిగా పుంజుకుంటుందని బ్రిటిష్ శాస్త్రవేత్త వెర్నన్ కొలిచి చూపారు. దుమ్ము, ఉప్పు, గంధకపు వాయువులు చేరిన ఉపరితలం ఇంకా త్వరగా చెమ్మను పట్టి ఉంచుతుంది.

లోహాల మొగ్గును కొలవడానికి రసాయన శాస్త్రం వాడే కొలబద్ద ప్రామాణిక ఎలక్ట్రోడ్ పొటెన్షియల్. హైడ్రోజన్‌ను సున్నాగా తీసుకుంటే అల్యూమినియం మైనస్ 1.66 వోల్టులు, టైటానియం మైనస్ 1.63, జింకు మైనస్ 0.76, ఇనుము మైనస్ 0.44 దగ్గర నిలుస్తాయి. రాగి ప్లస్ 0.34, వెండి ప్లస్ 0.80, బంగారం ప్లస్ 1.50 దగ్గర ఉంటాయి. ఈ వరుసలో ప్లస్ వైపు పోయేకొద్దీ లోహం స్వభావరీత్యానే క్షయానికి విముఖంగా ఉంటుంది. వాటిని ఉత్తమ లోహాలు అనడం రివాజు. అయినా ఆ ఉత్తమత్వం కూడా పరిసరాలకు లోబడినదే. గాలికీ నీటికీ చలించని బంగారం సయనైడ్ ద్రావణంలో గాలి ఆక్సిజన్ తోడుగా కరిగిపోతుంది. పసిడి గనుల్లో రాతిపొడి నుంచి బంగారాన్ని రాబట్టే పద్ధతి అదే, అంటే అది పనికి వినియోగించుకున్న లోహక్షయమే. ఇక మైనస్ 1.6 వోల్టుల దగ్గరున్న అల్యూమినియం, టైటానియం లోకంలో ఎందుకు నిలుస్తున్నాయో ఈ వరుస చెప్పలేదు. ఏ దిశలో మార్పు జరగాలో చెప్పగలదు గానీ, ఎంత వేగంగా జరుగుతుందో చెప్పే శక్తి దానికి లేదు. పాఠశాలల్లో పిల్లలు కంఠస్థం చేసే చర్యాశీలత శ్రేణితోనే ఈ పాఠం ముగిసిపోవడం విచారించదగిన విషయం, ఎందుకంటే అసలు కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

వేగాన్ని నిర్ణయించేది క్షయం తొలిక్షణాల్లోనే లోహం మీద ఏర్పడే పొర. ఆ పొర సందు లేకుండా, గట్టిగా అంటిపెట్టుకుని, నీటిలో కరగకుండా ఉంటే లోహానికి అదే కవచమవుతుంది. గుల్లగా, పెచ్చులుగా ఉంటే చెమ్మను పీల్చి ఉంచే స్పాంజి అవుతుంది. పిల్లింగ్, బెడ్‌వర్త్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1923లో దీనికి ఒక సులువైన లెక్క ప్రతిపాదించారు. ఏర్పడిన ఆక్సైడ్ ఘనపరిమాణాన్ని, దానికి ఖర్చయిన లోహపు ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి ఒకటికన్నా తక్కువైతే పొర లోహాన్ని పూర్తిగా కప్పజాలదు, మెగ్నీషియంకు అది 0.81, ఒకటికి కొంచెం పైన ఉంటే పొర బిగువుగా కూర్చుంటుంది, అల్యూమినియంకు అది 1.28, మరీ ఎక్కువైతే పొర తన ఒత్తిడికి తానే పగిలి రాలుతుంది. ఈ లెక్క వేడి గాలిలో ఏర్పడే పొరల కోసం పుట్టింది, అన్ని చోట్లా నప్పదు కూడా. క్రోమియం నిష్పత్తి రెండు దాటినా దాని పొర అద్భుతంగా నిలుస్తుంది. తడిలో పుట్టే ఇనుప తుప్పు మాత్రం నీటిని తనలో కలుపుకుని, పోయిన ఇనుముకన్నా రెండు నుంచి ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. కనుకనే అది లోహాన్ని పట్టుకుని నిలవలేదు.

అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే ఆక్సైడ్ పొర మందం కేవలం రెండు నుంచి నాలుగు నానోమీటర్లు. నానోమీటరు అంటే మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగం. గీత పడితే గాలి తగిలిన మరుక్షణమే అది తిరిగి కప్పుకుంటుంది. పాదరసం తగిలి ఆ పొర కుదురుకోకుండా పోతే మాత్రం అల్యూమినియం తన అసలు స్వభావాన్ని బయటపెట్టి, చూస్తుండగానే తెల్లటి పొడిగా పొంగిపోతుంది. విమానాల్లో పాదరసాన్ని కట్టుదిట్టంగా నియంత్రించడానికి కారణం ఇదే. ఆమ్లం, క్షారం రెండూ ఈ పొరకు శత్రువులు. నీటి ఆమ్లత్వాన్ని సూచించే పీహెచ్ విలువ సుమారు 4కు, 9కి మధ్య ఉన్నంతవరకే అది భద్రం. వంటింట్లో కొందరు సిల్వరు గిన్నెలనీ, కొందరు సత్తు గిన్నెలనీ పిలిచేవి అల్యూమినియంవే. వాటిలో చింతపండు పులుసు నిల్వ ఉంచవద్దనే పెద్దల మాటలో ఈ రసాయన సత్యమే ఉంది.

పొర వల్ల లోహం చర్య మానుకుని ఊరుకునే ఈ స్థితిని నిష్క్రియత అంటారు. సజల నత్రికామ్లంలో బుసబుస పొంగుతూ కరిగే ఇనుము, గాఢ నత్రికామ్లంలో ముంచితే కదలకుండా ఉంటుందనే వింతను గురించి 1836లో రసాయన శాస్త్రవేత్త షోన్‌బైన్ రాసిన లేఖలు, మైకేల్ ఫారడే చేసిన ప్రయోగాలు ఈ భావనకు పునాది వేశాయి. కంటికి కనిపించని ఆక్సైడ్ పొర గానీ, దానికి సమానమైన మార్పు గానీ లోహం మీద ఏర్పడుతోందని ఫారడే ఊహించారు. బెల్జియం శాస్త్రవేత్త మార్సెల్ పూర్బే ఒక్కొక్క లోహానికీ పొటెన్షియల్, పీహెచ్‌లను రెండు అక్షాలుగా తీసుకుని పటాలు గీశారు. ఏ పరిస్థితిలో లోహం కరుగుతుందో, ఎక్కడ పొర కప్పుకుంటుందో, ఎక్కడ అసలు చలించదో ఆ పటం ఒక్క చూపులో చెబుతుంది. ఈ విషయంలో 20వ శతాబ్దం సాధించిన మేలైన పనిముట్టు అదేనని చెప్పవచ్చు, ఎందుకంటే ఏ లోహం మంచిదనే ప్రశ్నను, ఏ లోహం ఏ నీటిలో మంచిదనే ప్రశ్నగా అది మార్చింది.

ఇనుముకు పుట్టుకతో లేని మంచి పొరను అరువిచ్చి నిలబెట్టినదే స్టెయిన్‌లెస్ స్టీలు. షెఫీల్డ్‌లో లోహశాస్త్రవేత్త హ్యారీ బ్రేర్లీ 1913లో సుమారు 12.8 శాతం క్రోమియంతో ఉక్కు పోత పోశారు. దాదాపు అదే కాలంలో జర్మనీలోని క్రుప్ సంస్థలో క్రోమియంతోపాటు నికెల్ కలిపిన ఉక్కు రూపుదిద్దుకుంది. ఉక్కులో క్రోమియం సుమారు 10.5 శాతానికి చేరితే ఉపరితలమంతా అతుకు లేని క్రోమియం ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది, గీసినా తిరిగి పుడుతుంది. కానీ మచ్చ పడనిదని అర్థమిచ్చే ఆ పేరును అక్షరాలా నమ్మరాదు. ఉప్పులోని క్లోరైడ్ అయాన్లు పొరను సూది మొనంత చోట ఛేదిస్తే, ఆ రంధ్రం లోపల ఆమ్లత్వం పెరుగుతూ పోయి లోహం లోతుకు తొలుచుకుపోతుంది, పైన మాత్రం మెరుపు మెరుపులాగే ఉంటుంది. ఇళ్లలో వాడే 304 రకం రెయిలింగుల మీద సముద్రతీరంలో గోధుమరంగు మచ్చలు తేలడానికి కారణం క్లోరైడే. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం దాన్ని మరికొంత తట్టుకుంటుంది. వెల్డింగు వేడికి ఉక్కులోని కార్బన్ రేణువుల అంచుల దగ్గర క్రోమియంను పట్టేసుకుంటే, ఆ సన్నని గీతల వెంట కవచం లోపించి, వెల్డు పక్కనే పగుళ్లు రావడం మరో లోపం; కార్బన్‌ను 0.03 శాతానికి తగ్గించిన రకాలు దీనికి విరుగుడుగా వచ్చాయి.

క్లోరైడుకు కూడా లొంగని పొర టైటానియంది. కనుకనే సముద్రజలాన్ని వాడే శీతలీకరణ యంత్రాల్లో, మనిషి ఎముకకు బిగించే కీళ్లలో దాన్ని వాడతారు. దాని సోదర లోహమైన జిర్కోనియం మిశ్రమంతో హైదరాబాదులోని అణు ఇంధన సముదాయం 1970ల నుంచి రియాక్టర్ల కోసం ఇంధన గొట్టాలు తయారుచేస్తోంది. దాదాపు 300 డిగ్రీల వేడినీటిలో ఏళ్ల తరబడి ఆ గొట్టాలు నిలవడానికి జిర్కోనియం ఆక్సైడ్ పొరే ఆధారం. అదే జిర్కోనియం 1,200 డిగ్రీల సమీపానికి వేడెక్కితే నీటి ఆవిరితో ఉధృతంగా చర్య జరిపి హైడ్రోజన్‌ను పుట్టిస్తుంది. 2011లో ఫుకుషిమాలో భవనాలు పేలిపోయింది ఆ హైడ్రోజన్ వల్లనే.

రాగి దారి వేరు. అది స్వభావరీత్యా కొంత ఉత్తమ లోహం, పైగా బయటి గాలిలో దానిమీద కొన్నేళ్లకు ఏర్పడే ఆకుపచ్చ పొర కింది లోహాన్ని కాపాడుతుంది. 1886లో న్యూయార్కు రేవులో నిలిపిన స్వేచ్ఛాప్రతిమ రాగిరేకు మందం 2.4 మిల్లీమీటర్లే అయినా, వంద సంవత్సరాలలో అది కోల్పోయినది ఆ మందంలో చాలా స్వల్పభాగం; కుళ్లిపోయినది దాని లోపల రేకుకు ఆనించిన ఇనుప చట్రం, దాన్ని 1980లలో స్టెయిన్‌లెస్ స్టీలుతో మార్చవలసి వచ్చింది. ఇంట్లో రాగిచెంబును చింతపండుతో తోమితే తళతళలాడడానికి కారణం, చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగించి లోహాన్ని బయటపెట్టడమే. చిలుములో కలిసిన రాగి లవణాలు పులుపు తగిలితే ఆహారంలోకి దిగుతాయి కనుక ఇత్తడి గిన్నెల లోపలివైపు తగరంతో కళాయి పోయించేవారు; అది మరో లోహాన్ని పొరగా వాడుకునే పద్ధతి. ఇత్తడికి రాగికి లేని బలహీనతలు రెండున్నాయి. కొన్ని రకాల నీటిలో దాని జింకు కరిగి పోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. రెండవది మరింత ప్రమాదకరం: 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం భారతదేశంలో వర్షాకాలంలో గుర్రపుశాలల్లో నిల్వ చేసిన ఇత్తడి తూటా తొడుగులు, ఏ దెబ్బా తగలకుండానే పగిలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వెలువడే అమోనియా, తొడుగును సాగదీసి రూపొందించినప్పుడు లోహంలో మిగిలిన బిగువు, ఈ రెండూ కలిసి ఆ పగుళ్లకు కారణమని 1921లో తేలింది. తయారైన తొడుగును కొద్దిగా వేడిచేసి బిగువు సడలిస్తే బెడద పోయింది. క్షయమూ ఒత్తిడీ విడివిడిగా చేయలేని హాని జంటగా చేస్తాయన్న సూత్రానికి ఇది తొలి ఉదాహరణలలో ఒకటి.

రెండు లోహాలు తడిలో ఒకదానికొకటి తగిలితే ఎలక్ట్రోడ్ పొటెన్షియల్ వరుస మళ్లీ ముందుకు వస్తుంది. బ్రిటిష్ నౌకాదళం 1761లో అలార్మ్ అనే ఓడ అడుగుకు రాగిరేకు తొడిగింది. రెండేళ్లకు చూస్తే రాగికి నేరుగా తగిలిన ఇనుప మేకులు తినివేయబడి, మధ్యలో గోధుమరంగు కాగితం మిగిలిపోయిన చోట మేకులు బాగానే ఉన్నాయి. ఈ కీడునే మేలుగా తిప్పినవారు రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. రాగిరేకుకు జింకు, ఇనుము ముక్కలు తగిలిస్తే అవి కరుగుతూ రాగిని కాపాడతాయని 1824లో ఆయన చూపారు. సిద్ధాంతం నెగ్గింది గానీ, కరగడం మానిన రాగికి జీవులను తరిమే విషగుణం పోయి ఓడ అడుగున గుల్లజీవులు, నాచు దట్టంగా పెరిగాయి. బలైపోయే ఈ ఆనోడ్ పద్ధతే నేడు ఓడలకూ, భూమిలోని పైపులైన్లకూ రక్షణ. ఫ్రాన్సులో సోరెల్ అనే ఇంజనీరు 1837లో పేటెంటు పొందిన జింకు పూత, అంటే జి.ఐ. పైపులకూ రేకులకూ వేసే పూత, ఇదే సూత్రం మీద నిలిచింది: పూత మీద గీత పడినా చుట్టూ ఉన్న జింకు కరుగుతూ ఇనుమును కాస్తుంది. తగరపు పూత వేసిన డబ్బా బయటి వైపు గీత పడితే దీనికి విపరీతంగా, ఇనుమే తగరం కోసం బలవుతుంది.

ఢిల్లీ మెహ్రౌలీలోని ఇనుప స్తంభం చుట్టూ చాలా అతిశయోక్తులు అల్లుకున్నాయి. ఏడు మీటర్ల ఎత్తు, ఆరు టన్నులకు పైగా బరువు ఉన్న ఈ గుప్తుల కాలపు స్తంభం 1,600 ఏళ్లుగా నిలిచిన మాట నిజం. అది తుప్పుకు అతీతం అన్న మాట నిజం కాదు. నేలలో పాతుకున్న భాగానికి తుప్పు పట్టింది. కాన్పూరు ఐ.ఐ.టి.లో ఆర్. బాలసుబ్రహ్మణ్యం చేసిన పరిశోధనల ప్రకారం, బొగ్గు కొలిమిలో ఖనిజం నుంచి తీసి, సుత్తితో మోది చేసిన ఆ ఇనుములో సున్నపురాయి వాడకపోవడం వల్ల ఫాస్ఫరస్ ఎక్కువగా, దాదాపు 0.25 శాతం, మిగిలిపోయింది. తడిసి ఆరిన ప్రతిసారీ తుప్పుకూ లోహానికీ మధ్య ఫాస్ఫేట్‌తో కూడిన చిక్కని పొర పెరుగుతూ వచ్చింది. ఢిల్లీలో ఏడాదిలో ఎక్కువకాలం పొడిగా ఉండటమూ దానికి కలిసివచ్చింది. ఆనాటి కమ్మరుల పనితనాన్ని గౌరవించడానికి అద్భుతాలు కల్పించనక్కరలేదు, ఈ నిజమే చాలు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం నుంచి పశ్చిమాసియాకు వెళ్లిన ప్రసిద్ధమైన ఉక్కు పదునుకు పేరుపడినది, తుప్పును ఆపడానికి కాదు. ఆ ఉక్కుతో చేసిన కత్తులకూ నూనె రాసి ఒరలో దాచవలసిందే.

లోహక్షయం వల్ల ప్రపంచం నష్టపోతున్నది ఏటా సుమారు 2.5 లక్షల కోట్ల డాలర్లని, ఇది ప్రపంచ ఉత్పత్తిలో 3.4 శాతమని 2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అంతకుముందు 1971లో బ్రిటన్‌లో హోర్ కమిటీ, అప్పటికే తెలిసిన విజ్ఞానాన్ని సక్రమంగా అమలుచేస్తే ఆ దేశపు నష్టంలో దాదాపు నాలుగో వంతు తప్పుతుందని తేల్చింది. తమిళనాడులో 1914 నుంచి సముద్రం మీద నిలిచిన పాంబన్ వంతెన తుప్పు దెబ్బకు 2022 డిసెంబరులో రైళ్లకు మూతపడింది; 2025 ఏప్రిల్‌లో ప్రారంభమైన కొత్త వంతెనకు స్టెయిన్‌లెస్ ఊచలు, పాలీసిలోక్సేన్ పూత వాడారు.

తెలుగునాట ఈ నష్టం ఎక్కువగా దాగి ఉన్నది కాంక్రీటు లోపల. సిమెంటు క్షారగుణం వల్ల కాంక్రీటులో పీహెచ్ 12.5కు పైగా ఉంటుంది, అందులో ఇనుప ఊచ నిష్క్రియమై తుప్పు లేకుండా ఉంటుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి లోపలికి ఇంకి ఆ క్షారాన్ని తగ్గించినా, ఉప్పు చేరినా ఊచ మీది పొర తెగుతుంది. పుట్టిన తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. ముందు ఊచ వెంబడి సన్నని పగులు, తరువాత గోధుమరంగు చారిక, ఆపై పెచ్చు ఊడి బయటపడిన ఊచ, ఇదే క్రమం. ఇచ్ఛాపురం నుంచి తడ వరకు తీరంలో ఉప్పుగాలి తగిలే ఇళ్లలో ఇది తరచుగా కనిపించే దృశ్యం. ఉప్పునీటి బోరుతోనో, కడగని ఇసుకతోనో కాంక్రీటు కలిపితే బయటి ఉప్పు కోసం ఎదురుచూసే పని కూడా ఉండదు. భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 తీరప్రాంతపు గాలికి తగిలే కాంక్రీటుకు ఎం30 దృఢత్వ శ్రేణిని, ఊచకు 45 మిల్లీమీటర్ల కవరును, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందాన్ని, ఘనమీటరు కాంక్రీటులో 0.6 కిలోలకు మించని క్లోరైడును నిర్దేశిస్తోంది. తీరంలో ఇల్లు కట్టించుకునేవారు స్లాబు పోసే ముందురోజే ఊచల కింది కవరు బ్లాకులను టేపుతో కొలిచి చూసుకోవాలి. కాంక్రీటు గట్టిపడ్డాక ఆ 45 మిల్లీమీటర్లను తిరిగి సమకూర్చడం ఎవరి తరమూ కాదు.